అసలు మోటారు, కొసరు బిట్లు: పవర్ టూల్ పెట్టెలో వచ్చే చిన్న సామాను ఎందుకలా ఉంటుంది?

కొత్త సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం, కొన్నాను. మోటారులో దమ్ముంది, పట్టు చేతికి కుదిరింది, అడుగు ప్లేటు తిన్నగా ఉంది. దాంతో పాటు వచ్చిన అలెన్ కీ, బ్లేడు బోల్టు తిప్పే ఆరు పలకల వంపు కడ్డీ, మాత్రం మూడోసారి బ్లేడు మార్చేసరికే చేతులెత్తేసింది. వెలుతురులో పెట్టి చూస్తే సంగతి అర్థమైంది. కొసన ఉండాల్సిన ఆరు మూలలూ అరిగి గుండ్రబడ్డాయి, అంచుల వెంట సన్నటి మెరుపు గీతలు. దాని మీద ఆకురాయి పెట్టి ఒక్కసారి రుద్దితే మెత్తగా పొడి రాలింది. గట్టి ఉక్కు మీదైతే ఆకురాయి పట్టు దొరక్క జారిపోవాలి.

పవర్ టూల్స్ వాడేవాళ్లలో ఇలాంటి కథ లేనివాళ్లు తక్కువ. డ్రిల్లుతో వచ్చిన బిట్టు ఇనుము మీద పెట్టగానే నీలంగా మారి మొద్దుబారింది, జిగ్‌సాతో వచ్చిన బ్లేడు గీత వదిలి పక్కకు పోయింది, రూటర్‌తో (చెక్కలో గాళ్లు తీసే మిషన్) వచ్చిన పానా నట్టు మూలల్ని కొరికేసింది. ఇదంతా చూసి రెండు తీర్పులు చెబుతుంటారు. పెట్టెలో వచ్చేదంతా చెత్త, విప్పగానే పారేయాలి అనేది ఒకటి. మిషన్ బాగుంటే చాలు, కొసరుగా వచ్చినదాన్ని తప్పుపట్టడమేమిటి అనేది ఇంకొకటి. నా లెక్కలో రెండూ తొందరపాటు మాటలే. పెట్టెలో ఉన్నవన్నీ ఒక జాతివి కావు. వేటి నాణ్యత తక్కువైతే నష్టం ఎవరికి, ఎంత అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

## ఒకే పెట్టె, మూడు జాతులు

మొదటి జాతి, పని మీద అరిగిపోయేవి: డ్రిల్లు బిట్లు, స్క్రూ బిట్లు, రంపం బ్లేడ్లు, కటింగ్ డిస్కులు, శాండింగ్ కాగితం. వీటినే కన్సూమబుల్స్ అంటారు. ఎంత మంచివైనా ఒకరోజు అరగాల్సిందే. అందుకే వారంటీ కాగితాల్లో సాధారణంగా వీటికి చోటుండదు.

రెండోది, మిషన్‌ను బిగించేవి, సరిచేసేవి: చక్ కీ (డ్రిల్లులో బిట్టును పట్టే చక్‌ను బిగించేది), అలెన్ కీ, గ్రైండర్ నట్టు తిప్పే రెండు పిన్నుల పానా, రూటర్‌లో బిట్టును పట్టే కాలెట్‌ను బిగించే పానాలు, పక్కన బిగించే గైడు, టేబుల్ సాతో (బల్లకు అమర్చిన రంపం) వచ్చే, చెక్కను కోణంలో తోసే మైటర్ గేజ్, లోతు చూపించే కడ్డీ. ఇవి పనిని నేరుగా తాకవు, మిషన్‌ను తాకుతాయి.

మూడోది, మనిషిని కాపాడేవి: డిస్కు చుట్టూ ఉండే గార్డు, పక్క హ్యాండిల్, బ్లేడు వెనక నిలబడే రైవింగ్ నైఫ్. చూడటానికి ఇవీ విడిగా సంచిలో వచ్చే చిన్న సామానే. కానీ వీటిని యాక్సెసరీ అనడమే ఒక పొరపాటు, మిషన్‌లో ఇవి భాగం.

మొదటి జాతి బాగాలేకపోతే ఆ ముక్క పోతుంది. రెండోది బాగాలేకపోతే మిషన్ పాడవుతుంది. మూడోది లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొసరు సామాను గురించి జరిగే వాదనల్లో సగం చిక్కు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే వస్తుంది.

## ఉక్కులో తేడా ఎక్కడుంది?

బిట్టు మీద రాసి ఉన్నా లేకపోయినా, దాని బతుకంతా రెండు గుణాల మీద ఉంటుంది. ఒకటి గట్టిదనం, అంటే అరగకుండా, నొక్కు పడకుండా ఉండటం. రెండోది జిగి, అంటే దెబ్బ తగిలినా, మెలిపెట్టినా పుటుక్కున విరగకుండా ఉండటం. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే విరుగుతుంది కూడా. అందుకని మళ్లీ కాస్త వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. కొలిమి దగ్గర పాయనం పెట్టడం అన్నా, ఫ్యాక్టరీలో టెంపరింగ్ అన్నా ఇదే. చౌక సామానులో ముందు కోత పడేది ఉక్కు బరువులో కాదు, ఈ వేడి పనిలో. కొలిమిలో ఎంతసేపు ఉంచారు, ఎంత వేడి దగ్గర తీశారు అన్నది కొనేవాడి కంటికి కనిపించదు కదా.

డ్రిల్లు బిట్ల విషయంలో ఇంకో మెట్టు ఉంది. మామూలు కార్బన్ స్టీల్ బిట్టు చల్లగా ఉన్నప్పుడు బాగానే గట్టిగా ఉంటుంది. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడటం మొదలవుతుంది. హై స్పీడ్ స్టీల్, అందరూ హెచ్‌ఎస్‌ఎస్ అనేది, సుమారు 550 నుంచి 600 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకుంటుంది. 1890ల చివర అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ చేసిన ప్రయోగాల్లోంచి ఈ రకం ఉక్కు వచ్చింది. 1900లో పారిస్ ప్రదర్శనలో, కొస ఎర్రగా కాలుతున్నా ఇనుమును కోస్తూనే ఉన్న పనిముట్టును చూసి జనం నోరెళ్లబెట్టారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఎం2 రకం హెచ్‌ఎస్‌ఎస్‌లో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వెనేడియం ఉంటాయి. ఇవన్నీ ఖరీదైన లోహాలు. కొసరు బిట్టులో ఎక్కడ మిగుల్చుకోవచ్చో కంపెనీకి ఇక్కడే తెలిసిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 6 మిల్లీమీటర్ల బిట్టు. దాని చుట్టుకొలత 6ను 3.14తో గుణిస్తే దాదాపు 18.8 మి.మీ. మామూలు మెత్తటి ఇనుములో హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు అంచు నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయడం సబబైన లెక్క. 25,000 మిల్లీమీటర్లను 18.8తో భాగిస్తే నిమిషానికి సుమారు 1,300 చుట్లు. కార్బన్ స్టీల్ అయితే అందులో సగం, నిమిషానికి 12 మీటర్లు అనుకుంటే 640 చుట్లు. బ్యాటరీ డ్రిల్లును రెండో గేరులో పెట్టి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే 1,800 చుట్ల దాకా సులువుగా పోతుంది. అంటే అంచు వేగం నిమిషానికి 34 మీటర్లు. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు దీన్ని ఏదోలా నెట్టుకొస్తుంది. కార్బన్ బిట్టు తన హద్దుకు దాదాపు మూడు రెట్ల వేగంలో ఉంటుంది, కొన్ని సెకన్లలో కొస నీలంగా మారుతుంది.

ఆ నీలం రంగును జాగ్రత్తగా చూడాలి. కార్బన్ స్టీల్ మీద గోధుమ గడ్డి రంగు వచ్చిందంటే వేడి దాదాపు 220 డిగ్రీలు, నీలం వచ్చిందంటే దాదాపు 300. అంటే ఆ కొసకు పెట్టిన పాయనం పోయినట్టే. మళ్లీ పదును పట్టినా ఆ భాగమంతా అరగదీసేదాకా అది మెత్తటి ఇనుమే. అదే నీలం హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు మీద కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు, అది తట్టుకోగల వేడి అంతకంటే చాలా పైన ఉంది.

ఇంకోవైపూ చూడాలి. చెక్కలో, ప్లాస్టిక్‌లో బొక్కలు వేయడానికి కార్బన్ స్టీల్ బిట్టు బాగానే పనికొస్తుంది. అక్కడ అంత వేడి పుట్టదు. కాబట్టి ‘ఈ బిట్టు పనికిరాదు’ అనే మాటలో చాలాసార్లు మింగేసిన ఇంకో ముక్క ఉంటుంది: ‘ఇనుముకు’.

## బంగారు పూత సంగతి

కొసరు సెట్లలో బంగారు రంగు బిట్లు తెగ మెరుస్తుంటాయి. ఆ రంగు టైటానియం నైట్రైడ్‌ది. నిజమైన పూత చాలా గట్టిది, రాపిడిని తగ్గిస్తుంది. కానీ దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. కింద ఉన్న ఉక్కు వేడికి మెత్తబడితే పైన పూత చేయగలిగింది ఏమీ లేదు, మెత్తటి నేల మీద పెంకు పరిచినట్టే. పైగా బిట్టుకు ఒకసారి పదును పట్టగానే కోసే అంచు మీద ఆ పూత పోతుంది. రంగు చూసి ఉక్కును అంచనా వేయడం కుదరదు.

## స్క్రూ బిట్లు: తప్పు ఎప్పుడూ బిట్టుదేనా?

స్క్రూ తలలోంచి బిట్టు ఎగిరి పైకొచ్చి, ప్లస్ గుర్తు అరిగి గుంట పడటం అందరికీ తెలిసిన చికాకే. మెత్తటి బిట్టు దీనికి ఒక కారణం. కానీ ప్లస్ గుర్తులు ఒకటి కాదు. ఫిలిప్స్ వేరు, పోజిడ్రైవ్ వేరు. ఫిలిప్స్ 2ను పీహెచ్2 అని, పోజిడ్రైవ్ 2ను పీజెడ్2 అని రాస్తారు. పోజిడ్రైవ్ స్క్రూ తల మీద పెద్ద ప్లస్ మధ్యలో చిన్న గీతల గుర్తు కూడా ఉంటుంది. పీజెడ్2 స్క్రూలో పీహెచ్2 బిట్టు దూరుతుంది, పట్టు మాత్రం సరిగ్గా దొరకదు. మిషన్‌తో ఫిలిప్స్ బిట్టు వచ్చింది, స్క్రూల పెట్టెలో పోజిడ్రైవ్ ఉంది, తిట్లు మాత్రం బిట్టుకు. ఇలా చాలాసార్లు జరుగుతుంది.

ఇంపాక్ట్ డ్రైవర్ అయితే కథ మారుతుంది. అది ఒకే తీరున మెలిపెట్టదు, బిగుతు తగలగానే సుత్తి దెబ్బల్లా టకటకా కొడుతూ తిప్పుతుంది. మామూలు క్రోమ్ వెనేడియం బిట్టు ఆ దెబ్బలకు విరగొచ్చు. ఈ పనికని చేసిన బిట్ల నడుము సన్నగా ఉంటుంది. అది అందం కోసం కాదు. దెబ్బ పడినప్పుడు ఆ సన్నటి భాగం కాస్త మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది, కొస మీద భారం తగ్గుతుంది.

## కీ వదులైతే నట్టుకు చేటు

నా అలెన్ కీ దగ్గరికి మళ్లీ వస్తాను. అసలు ఫిర్యాదు చేయాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

బోల్టు తలలో ఆరు పలకల గుంత ఉంది, ఎదురెదురు పలకల మధ్య దూరం 5.05 మి.మీ. అనుకుందాం. అందులో 4.98 మి.మీ. కీ పెడితే, అది దాదాపు 1.4 డిగ్రీలు ఖాళీగా తిరిగి గోడకు ఆనుతుంది. కీ కొలత 4.85 మి.మీ. అయితే? దాదాపు 4.4 డిగ్రీలు తిరిగాక గానీ ఆనదు. రెండు కీల మధ్య తేడా 0.13 మి.మీ., మామూలు రాతకాగితం మందం కంటే కొంచెం ఎక్కువ. వదులు మాత్రం మూడింతలైంది. తిరిగేది ఎంత ఎక్కువైతే కీ మూల గుంత గోడను అంత ఏటవాలుగా తాకుతుంది, పలక మీద పరుచుకోవాల్సిన బలమంతా ఒక సన్నటి గీత మీద పడుతుంది. అప్పుడు మెత్తగా ఉన్నది ఓడిపోతుంది. కీ మెత్తనైతే కీ మూలలు అరుగుతాయి, గుంత మెత్తనైతే బోల్టు పాడవుతుంది. మంచి అలెన్ కీ గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 50కి పైన ఉంటుంది. కొలతల్లో ఎంత హెచ్చుతగ్గులు ఉండొచ్చో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్‌ఓ 2936. ఆ హద్దుల్లో చేయడం ఏమంత బ్రహ్మవిద్య కాదు, దానికయ్యే ఖర్చూ పెద్దది కాదు. బ్లేడు విషయంలో కంపెనీలు చెప్పే సమాధానాలు (అవి కింద వస్తాయి) నాకు సబబుగానే తోస్తాయి గానీ, కీ విషయంలో మాత్రం తోచవు.

రూటర్‌తో, గ్రైండర్‌తో వచ్చే పానాలదీ ఇదే కథ. వాటిలో ఎక్కువ భాగం పలక రేకును అచ్చుతో కొట్టి తీసినవి. అచ్చు కొట్టినప్పుడు రేకు ఒక వైపు అంచు గుండ్రంగా, మరో వైపు గరుగ్గా తెగుతుంది. వేలు పెట్టి రాస్తే తెలుస్తుంది. అందువల్ల పానా మందమంతా నట్టును పట్టదు, మధ్యలో కొంత భాగమే పడుతుంది. ఎర్రగా కాల్చి సుత్తితో అచ్చులో కొట్టిన పానా అయితే పట్టు నిండుగా ఉంటుంది. రూటర్ నట్టు పక్కన చోటు చాలా ఇరుకు, కాబట్టి పలచటి పానా తప్పదు అన్నది కూడా నిజమే. పలచగా ఉండటం తప్పు కాదు, మెత్తగా ఉండటం తప్పు.

కీ పొట్టిగా ఉండటం గురించి కూడా జనం సణుగుతుంటారు. దానికి మాత్రం సమర్థన ఉంది. 60 మి.మీ. పొడవున్న కీ కొసన 100 న్యూటన్ల బలం, అంటే దాదాపు 10 కిలోల బరువు వేలాడదీసినంత, పెడితే బోల్టు మీద పడే టార్క్, అంటే తిప్పే బలం, 6 న్యూటన్ మీటర్లు. అదే చేతితో 150 మి.మీ. కీ తిప్పితే 15. చిన్న బోల్టుల మర పోగొట్టడానికి అది చాలు. పొట్టి కీ ఇవ్వడమంటే, చేయి ఎంత బలమైనదైనా బిగింపు ఒక హద్దు దాటకుండా చూడటం. చక్ కీ పొట్టిగా ఉండటం వెనకా ఇదే లెక్క. ఇప్పుడు మనం వాడే కీ చక్‌కు 1902లో ఆర్థర్ జాకబ్స్ పేటెంటు తీసుకున్నాడు. దాని కీకి పళ్లుంటాయి, చిన్న చేయి ఉంటుంది, ఆ రూపు ఈరోజుకీ పెద్దగా మారలేదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సర్క్యులర్ సా బ్లేడు బోల్టు పని చేస్తుండగా వదులు కాకుండా మరను ఎంచుకుంటారు. బ్లేడు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే బిగుస్తుంది, తిరిగే దిక్కులోనే తిప్పితే వదులవుతుంది. కోత సాగేకొద్దీ బోల్టు తనంతట తాను ఇంకాస్త బిగుసుకుంటుంది కూడా. చేత్తో 6 న్యూటన్ మీటర్లకు బిగించినది విప్పేటప్పుడు అంతకంటే ఎక్కువ అడుగుతుంది. ఇది తెలియక ఎడమకు తిప్పాలా కుడికి తిప్పాలా అని చూసుకోకుండా బిగిసే వైపే బలమంతా పెట్టి, కీ మూలలు తీసేసి, ‘చైనా సరుకు’ అని విసిరేసినవాళ్లు ఉన్నారు. మొదటిసారి నేనూ చేశాను. నా కీ మెత్తదే, కానీ దాని చావులో నా చేయీ ఉంది.

## బ్లేడు చెడ్డదా, వేరే పనిదా?

184 మి.మీ. సర్క్యులర్ సాతో తరచూ 24 పళ్ల బ్లేడు వస్తుంది. దాంతో ప్లైవుడ్ కోస్తే అంచు చెక్కలు లేచి వికారంగా ఉంటుంది. ‘బ్లేడు నాసిరకం’ అనిపించడం సహజం. పళ్ల లెక్క చూస్తే వేరే సంగతి బయటపడుతుంది.

నిమిషానికి 5,000 చుట్లు తిరిగే బ్లేడు, 24 పళ్లు. సెకనుకు 2,000 పళ్లు చెక్కను కొరుకుతాయి. రంపాన్ని సెకనుకు 50 మి.మీ. చొప్పున ముందుకు తోస్తే ఒక్కో పన్ను కొరికే ముక్క మందం 0.025 మి.మీ. అదే 40 పళ్ల బ్లేడు అయితే సెకనుకు 3,333 పళ్లు, ఒక్కో కొరుకు 0.015 మి.మీ. సన్నటి కొరుకు వల్ల అంచు నున్నగా వస్తుంది. కానీ పళ్ల మధ్య గుంటలు చిన్నవి కాబట్టి పొట్టు త్వరగా బయటికి పోదు, రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కష్టపడుతుంది, నెమ్మదిగా తోస్తే చెక్క కాలి నల్లబడుతుంది. మందపాటి దుంగను నిలువునా చీల్చడానికి 24 పళ్లే నయం. పెట్టెలోని బ్లేడు ఎక్కువ మంది ముందుగా చేసే మోటు పనికి ఎంచుకున్నది. ఇది నాణ్యత లోపం కాదు, ఎంపిక.

అయితే ఒకే 24 పళ్ల రెండు బ్లేడ్ల మధ్యా తేడాలుంటాయి. పన్ను కొసన అతికించిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఎంత మందంగా ఉంది, ఎన్నిసార్లు పదును పట్టించుకునే వీలుంది, రేకు ఎంత చదునుగా ఉంది, ఊగుతుందా లేదా అన్నవి. కొసరు బ్లేడులో కార్బైడ్ ముక్క చిన్నది కావడం మామూలే. బ్యాటరీ రంపాలతో వచ్చే బ్లేడ్లు సన్నగా ఉండటాన్ని కూడా కొందరు పొదుపు అనుకుంటారు. సన్నటి బ్లేడు తక్కువ చెక్కను తొలగిస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, అందుకే అలా ఇస్తారు.

## గైడు, గేజు: కంటికి కనిపించని తేడా

చిన్న టేబుల్ సాలతో వచ్చే మైటర్ గేజ్ గాడిలో అటూ ఇటూ కదులుతుంది. 200 మి.మీ. పొడవు కడ్డీకి గాడిలో 0.3 మి.మీ. వదులుంటే, 200కి 0.3 చొప్పున పక్కకు ఒరుగుతుంది. 50 మి.మీ. వెడల్పు పట్టీ కోస్తే తేడా 0.075 మి.మీ., కనిపించదు. కానీ పటం చట్రానికి నాలుగు మూలలు, మూలకు రెండు కోతలు, మొత్తం ఎనిమిది. అన్నీ ఒకే వైపు తప్పితే చివరి మూల దగ్గర 0.6 మి.మీ. సందు తెరుచుకుంటుంది. చట్రం చేసినవాడు తన చేతిని అనుమానిస్తాడు, గేజును కాదు. పలచటి రేకును వంచి చేసిన పక్క గైడ్లదీ ఇదే పద్ధతి, గట్టిగా ఆనిస్తే వంగుతాయి.

## కంపెనీ వైపు లెక్క

మంచి బ్లేడే పెడితే పోలా అని అడుగుతాం. ఊరికే ఒక లెక్క చూద్దాం. ఫ్యాక్టరీలో పెట్టెడు సామానుకు 100 భాగాలు ఖర్చు, అందులో కొసరు బ్లేడు వాటా 2 అనుకుందాం. మంచి బ్లేడు 10 భాగాలు. ఫ్యాక్టరీ ఖర్చు 108 అయింది. తయారీదారు, పంపిణీదారు, దుకాణం ముగ్గురూ తలా 30 శాతం వేసుకుంటే, మొదటి పెట్టె ధర దాదాపు 220, రెండోది 237. కొనేవాడికి రెండు పెట్టెలు పక్కపక్కన కనిపిస్తాయి. బయట ‘బ్లేడు ఉంది’ అని రెండింటి మీదా ఉంటుంది. చౌకది పోతుంది, ఖరీదైనది నిలిచిపోతుంది. కీలో, పానాలో మిగిలేది ఇందులో పిసరంతే, కానీ లక్షల పెట్టెలు చేసేవాడికి పిసరు కూడా లెక్కే.

దీనికి తోడు, నీకు ఏ బ్లేడు కావాలో కంపెనీకి తెలియదు. ఒకడు లామినేట్ కోస్తాడు, ఇంకొకడు తడి చెక్క, మరొకడు అల్యూమినియం. ఎంత మంచి బ్లేడు పెట్టినా ఎక్కువ మందికి అది సరైనది కాకపోవచ్చు. అలాంటప్పుడు ఎలాగూ మారుస్తారనే బ్లేడు మీద ఖర్చెందుకు అన్నది వాళ్ల వాదన. పని మీద బతికేవాళ్లు ఇదే వాదనను ఇంకాస్త ముందుకు లాగుతారు: అసలేమీ పెట్టొద్దు, మిషన్ ఒక్కటే ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం. బేర్ టూల్ అనే పేరుతో అమ్మేవి ఇలా పుట్టినవే. పెట్టెతో పాటు చెత్తబుట్టలోకి పోయే ఉక్కు, ప్లాస్టిక్ కూడా తగ్గుతాయి.

కొత్తగా మొదలుపెట్టినవాడి బాధ వేరు. మిషన్ ఇంటికి తెచ్చుకుని ప్లగ్గు పెడితే పని జరగాలి. బ్లేడు లేని జిగ్‌సా అతనికి ఇస్తిరిపెట్టెతో సమానం. అతనికి ఏ షాంక్ (మిషన్‌లో దూరే కాడ) సరిపోతుంది, ఏ పళ్లు కావాలి అన్నది ఇంకా తెలియదు. ఒక మామూలు బ్లేడు చేతిలో ఉంటే, అది అరిగేలోపు ఆ తేడాలు పట్టుబడతాయి. నాకు ఈ కొత్తవాడి వాదన బలంగా అనిపిస్తుంది, కాకపోతే బిట్లు, బ్లేడ్ల వరకే. కీలు, పానాల విషయంలో ‘ఎలాగూ మారుస్తారు’ అన్న మాట చెల్లదు. కీ ఎవరూ మార్చరు. మిషన్ ఉన్నన్నాళ్లూ ఉండాల్సింది అదే.

## కొసరు తీసి మంచిది పెడితే, కొత్త చిక్కు

నాసిరకం తీసి మేలురకం పెట్టడంలోనూ మెలికలున్నాయి. ఎందుకంటే పెట్టెలో వచ్చినది ఎంత చౌకదైనా ఆ మిషన్‌కు కొలత సరిపోయి ఉంటుంది.

గ్రైండర్ డిస్కులు తీసుకోండి. మామూలు రెసిన్ కటింగ్ డిస్కు అంచు వేగానికి హద్దు సెకనుకు 80 మీటర్లు. 125 మి.మీ. డిస్కుకు అది నిమిషానికి దాదాపు 12,200 చుట్లు. 230 మి.మీ. డిస్కుకు దాదాపు 6,600 మాత్రమే. చిన్న గ్రైండర్ 11,000 చుట్లు తిరుగుతుంది. గార్డు పీకేసి దానికి పెద్ద డిస్కు తగిలిస్తే అంచు వేగం సెకనుకు 132 మీటర్లు. డిస్కును చీల్చే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి హద్దుకు 2.7 రెట్లు. డిస్కు ఎంత పేరున్న కంపెనీదైనా ఈ లెక్క మారదు. రెసిన్‌తో అతికించిన ఈ డిస్కులకు కాలం కూడా చెల్లుతుంది. మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద అచ్చువేసిన తేదీ దానికే, తయారైన నాటి నుంచి మూడేళ్లు.

రూటర్ బిట్ల షాంకులది ఇంకో రకం మోసం. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. దాని పక్కనే 6 మి.మీ. షాంకులూ దొరుకుతాయి. 6.35 కాలెట్‌లో 6 మి.మీ. బిట్టు దూరుతుంది, పానాతో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. కానీ 0.35 మి.మీ. ముడుచుకోవాల్సి వచ్చిన కాలెట్ షాంకును చుట్టూ పట్టదు, కొన్ని అంచుల దగ్గర మాత్రమే కొరుకుతుంది. నిమిషానికి ఇరవై వేలకు పైగా చుట్లు తిరిగే మిషన్‌లో ఆ బిట్టు మెల్లగా బయటికి పాకుతుంది. ఇలాంటి చోట మెత్తటి పానాతో సరిగ్గా బిగించలేకపోవడం కూడా తోడైతే చెప్పేదేముంది.

రంపం బ్లేడు మార్చినప్పుడు రైవింగ్ నైఫ్ కూడా లెక్కలోకి వస్తుంది. అది బ్లేడు రేకు కంటే మందంగా, బ్లేడు కోసే సందు కంటే పలచగా ఉండాలి. సన్నటి ఖరీదైన బ్లేడు పెట్టగానే పాత నైఫ్ ఆ సందులో ఇరుక్కుంటే, చాలామంది చేసే పని నైఫ్ పీకేయడం. మంచి బ్లేడు కోసం చెక్క వెనక్కి తన్నకుండా ఆపేదాన్ని వదులుకున్నట్టు.

గార్డు, పక్క హ్యాండిల్ సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. చేతిలో పట్టుకునే మోటారు పనిముట్ల భద్రతకు ఐఈసీ 62841 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. గార్డుల సంగతి దాని పరిధిలోది. కొసరు బిట్టు ఏ ఉక్కుతో చేశారన్నది కాదు. అందుకే చౌక పెట్టెలో కూడా బిట్లు నాసిగా, గార్డు గట్టిగా ఉండటం చూస్తుంటాం. విచిత్రం ఏమిటంటే ఆ పెట్టెలోంచి ముందు మూలన పడేది కూడా గార్డే.

## వంద ముక్కల సెట్టు

డ్రిల్లుతో పాటు వంద ముక్కల సెట్టు ఉచితం అని రాసి ఉంటే చేయి ఆగదు. విప్పి లెక్కపెడితే అందులో ప్లాస్టిక్ రావల్‌ప్లగ్గులు ఓ ముప్పై, చిన్న స్క్రూలు ఓ ముప్పై, ఎవరికీ అక్కర్లేని కొలతల స్క్రూ బిట్లు పదిహేను ఉంటాయి. పెట్టె మీద ముక్కల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏ ఉక్కు అన్నది సాధారణంగా ఎక్కడా ఉండదు. హెచ్‌ఎస్‌ఎస్ అయితే బిట్టు షాంకు మీద ఆ మూడు అక్షరాలు చాలావరకు చెక్కే ఉంటాయి, ఎందుకంటే ఖర్చు పెట్టినవాడు చెప్పుకోకుండా ఊరుకోడు. ఆ షాంకు ఖాళీగా ఉందంటే, చాలాసార్లు ఆ ఖాళీయే సమాధానం.

నా సర్క్యులర్ సాతో వచ్చిన 24 పళ్ల బ్లేడు ఇప్పటికీ దాని మీదే ఉంది, మోటు పనికి బాగానే కోస్తోంది. కీ మాత్రం మార్చాను. కొత్తది గుంతలో పెట్టి తిప్పితే ఆ నాలుగు డిగ్రీల ఖాళీ లేదు, వెంటనే ఆనుతుంది.